పాత రక్తం

డాక్టరమ్మ చదివి వినిపిస్తున్న రిపోర్టులోని రక్తం ఇప్పుడు తన ఒంట్లో పారుతున్న రక్తం కాదని తూనీగకి ఒక్కసారిగా తెలిసిపోయింది.

తెలిసి చేసేదేముంది? నోట్లోంచి గొంతులోకి గొట్టం దిగి ఉంది. దాని రెండో కొసన ఉన్న మిషను బుస్సుమంటూ ఆమె బదులు ఊపిరి పీల్చి వదులుతోంది. రెప్పలు వాటంతటవే వాలిపోతే, సిస్టరు వాటిమీద తడిదూది పెట్టి టేపు అంటించింది. చేతులు ఎవరో మర్చిపోయి వెళ్లిన సామానులా పక్కన పడి ఉన్నాయి. చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి. బుర్ర అంతకంటే శుభ్రంగా పనిచేస్తోంది. అదే నరకం.

"నరాలమీద దాడిచేసే యాంటీబాడీలు ఒక్కటీ లేవు," డాక్టరమ్మ కాగితం తిప్పిన చప్పుడు. "అన్నీ సున్నా. కింద ధనుర్వాతం యాంటీబాడీ కూడా దాదాపు లేనట్టే అని రాశారు. అది మనకి అనవసరం. కాబట్టి నేను మొదట్నుంచీ అనుకుంటున్నదే. తిండిలో వచ్చిన విషం."

"అంటే మా అమ్మ సీసా," అన్నాడు భర్త నీరసంగా.

అనవసరం కాదు డాక్టర్! తూనీగ లోపల కేక పెట్టింది. ఆ ఒక్క లైనే అవసరం!

చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదని ఇంట్లో పెట్టిన పేరు తూనీగ. పెళ్లయ్యాక అత్తింట్లోనూ, ఉద్యోగంలో చేరాక ల్యాబులోనూ అదే అతుక్కుపోయింది. రోగనిరోధక శక్తి దారితప్పి సొంత ఒంటినే కాటేస్తే వచ్చే జబ్బులమీద పరిశోధన ఆమె పని. నరాలమీది యాంటీబాడీల పరీక్ష చేసే ల్యాబు చుట్టుపక్కల అదొక్కటే. అందుకే ఈ ఆసుపత్రి ఆమె రక్తాన్ని ఆమె ల్యాబుకే పంపింది.

ఆ ల్యాబులో ఒక అలవాటుంది. రోగి రక్తం పక్కన పెట్టి పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కావాలి. ఎక్కడికని పోతారు? పనిచేసేవాళ్లే చొక్కా చెయ్యి పైకి మడిచి తలా ఒక ట్యూబు ఇస్తారు. అవి ఫ్రీజర్లో ఒక అరలో వరసగా ఉంటాయి. ఇంకో అలవాటు, ఏ రక్తం వచ్చినా ధనుర్వాతం యాంటీబాడీ కూడా కొలుస్తారు. టీకా వేయించుకున్న ప్రతివాళ్లలోనూ ఎంతోకొంత ఉంటుంది గనక, పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో అదే చెబుతుంది. తూనీగ రక్తంలో మాత్రం అది ఎప్పుడూ అడుగంటి ఉండేది. "నీకు మేకు గుచ్చుకుంటే ఇక అంతే సంగతులు," అని అందరూ ఆటపట్టించేవాళ్లు.

మూడు వారాల కిందట మేకు కాదుగానీ పగిలిన గాజుపలక అరచేతిని కోసింది. భర్తే బండిమీద తీసుకెళ్లి ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్ చేయించాడు. ఈపాటికి ఆ యాంటీబాడీ ఆకాశాన్నంటాలి. రిపోర్టులో దాదాపు లేదు. అంటే పరీక్ష చేసిన రక్తం తనదే, కానీ చెయ్యి కోసుకోకముందు ఇచ్చినది. ఫ్రీజర్లో అరలో ఉన్న పాత ట్యూబు.

ఆ అరకి తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఆ పరీక్ష చేసేదీ ఆయనే.

సబ్బు.

అసలు పేరు ఎవరూ పిలవరు. మోచేతులదాకా నురగ పట్టించి, వేళ్ల సందులు తోమి తోమి, పంపుని మోచేత్తో కట్టేసే మనిషి. కొత్తగా చేరినవాళ్లకి పాఠాలకంటే ముందు చేతులు కడుక్కోవడం నేర్పిస్తాడు. తూనీగని చెల్లెమ్మా అంటాడు. ఆ వరసని పట్టుకుని ఆమె భర్త ఆయన్ని బావగారూ అని ఆటపట్టిస్తుంటాడు.

పొరపాటున ట్యూబు మారిందా? సబ్బు చేతిలో పొరపాటా? నమ్మబుద్ధి కాలేదు. నమ్మకపోతే మిగిలేది ఇంకా ఘోరం.

"రేపటిదాకా చూద్దాం," డాక్టరమ్మ అంటోంది. "విషానికి విరుగుడు ఒక డోసు ఇచ్చాం. రెండోది సాయంత్రానికి వస్తుంది. అది ఇచ్చాక కొన్నాళ్లదాకా ఇక వేరే ఏదీ చెయ్యడానికి లేదు. రక్తం కడిగితే విరుగుడు కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది."

తనకి కావలసింది సరిగ్గా అదే. రక్తం కడగడం.

తూనీగ రోజూ తలమునకలయ్యేది ఈ జబ్బుతోనే. పేగుల్లోకి ఒక సూక్ష్మజీవి దూరుతుంది. నాలుగు విరేచనాలు, కాస్త జ్వరం, అంతే. ఆ జీవి ఒంటిమీద చక్కెర అణువుల పూత ఉంటుంది. ఒంట్లోని రక్షకదళం ఆ పూతని గుర్తుపెట్టుకుని, దానికి సరిగ్గా అతుక్కునే యాంటీబాడీలని తయారుచేసి వదులుతుంది. దొంగ చస్తాడు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఖర్మకాలి కళ్లు తిప్పే నరాలమీదా, గొంతు నరాలమీదా ఉండే పూత కూడా అచ్చం అలాంటిదే. ఎర్రచొక్కా దొంగని పట్టుకోమని ఊరిమీదికి వదిలిన పోలీసులు, దొంగ దొరికాక కూడా ఇంటికి పోకుండా ఎర్రచొక్కా కనపడిన ప్రతివాణ్ణీ చితకబాదడం మొదలెడతారు. యాంటీబాడీలు నరం కొసన అతుక్కుంటే, వాటి వెనకే రక్తంలోని ఇంకో దళం వచ్చి నరం పొరకి చిల్లులు పెడుతుంది. మెదడు కదలమంటుంది. కండకి వినపడదు.

ఆమధ్య తనకి పట్టుకున్న విరేచనాలు. ఆ తర్వాత వారానికి ఒక్క కప్పు రెండు కప్పుల్లా కనపడటం. రెప్పలు వాలడం, మంచినీళ్లు ముక్కులోంచి రావడం, చేతులు పడిపోవడం. వరసంతా పాఠం చదివినట్టే జరిగింది. మూత బిగించిన సీసాలో పుట్టే విషం కూడా సరిగ్గా ఇదే వరసలో పైనుంచి కిందికి దిగుతుంది. అత్తగారు ఉడికించి సీసాలో దాచిన బీన్సు ఆ వారంలో తిన్నది తనొక్కతే. ఇంకేం, డాక్టర్లకి నేరస్తురాలు దొరికింది.

యాంటీబాడీలని తొందరగా కడిగేస్తే లేచి నడుస్తుంది. ఆలస్యమైతే నరం లోపలి తీగే తెగుతుంది. అప్పుడు నెలలో, ఏళ్లో, అసలు లేవకపోవడమో. ఇవాళ పొద్దుట్నుంచీ గుండె కూడా తిక్క వేషాలు వేస్తోంది. ఉన్నట్టుండి పరుగెడుతుంది, ఉన్నట్టుండి నీరసపడుతుంది. దాని నరాలమీద కూడా ఎర్రచొక్కా ఉందన్నమాట.

కదిలేది ఒక్కటే. కుడికాలి బొటనవేలు.

మత్తు ఇంకా దిగలేదనీ, కాలి అదురు ఆమె తెలిసి చేస్తున్నది కాదనీ డాక్టరమ్మ అనుకుంటోంది. నీళ్ల ట్యాంకు అడుగున పడి, పైన మూత వేసేసి, అందరూ ఆ మూతమీదే కూర్చుని తన గురించి బాధపడుతున్నట్టుంది తూనీగకి.

మధ్యాహ్నం సబ్బు వచ్చాడు.

ముందు పంపు చప్పుడు, తర్వాత సబ్బు నురగ చప్పుడు, చాలాసేపు. కళ్లు మూసి ఉన్నా మనిషెవరో చెప్పేయొచ్చు.

"ఎలా ఉంది బావా?" అన్నాడు.

"మీరే చూస్తున్నారుగా బావగారూ. పరుగులు పెట్టేదాన్ని మంచానికి అంటించేశారు." భర్త నవ్వబోయి మధ్యలో ఆపేశాడు. "మీ రిపోర్టు వచ్చింది. ఏమీ లేదట."

"ఊ." కుర్చీ జరిగింది. "పెద్దమ్మగారూ, మీరలా కుమిలిపోకండి. కావాలని చేశారా ఏమిటి? ఆ సీసా పరీక్ష కూడా మా దగ్గరే నడుస్తోంది, ఇంకా తేలలేదు. తేలినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

అత్తగారు ముక్కు చీదిన చప్పుడు. పంతులమ్మగా పనిచేసినన్నాళ్లూ రెండు తరగతులని ఒక్క గొంతుతో అదుపుచేసిన మనిషి. ఈ గదిలోకి వచ్చినప్పట్నుంచీ ఆ గొంతు పెగలడం లేదు.

ఒళ్లు మండిపోయింది తూనీగకి. ఉన్న కోపమంతా బొటనవేలిలోకి తోసింది. వేలు లేచింది, పడింది, లేచింది.

కుర్చీ కిర్రుమంది. సబ్బు అడుగులు మంచం కొసకి వచ్చి ఆగాయి. ఆయన చూశాడు. చూశాడని ఆమెకి తెలిసింది, ఎందుకంటే ఊపిరి బిగబట్టాడు. 'అన్నయ్యా, నేను ఉన్నాను, వింటున్నాను,' అని వేలు మళ్లీ లేచింది.

దుప్పటి మెల్లగా వచ్చి పాదాలని కప్పేసింది. అంచులు పరుపు కిందికి గట్టిగా దోపాడు.

"చలేస్తోందేమో," అన్నాడు సబ్బు. "పాదాలు కప్పి ఉంచండి."

అడుగులు వెళ్లిపోయాయి. దుప్పటి బరువు వేలిమీద బండరాయిలా ఉంది. ఇక పొరపాటు అన్న మాటే లేదు.

*

అత్తగారు మంచం పక్కకి జరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్," అంది. "మూత సరిగ్గానే బిగించానే. సీసా మరిగించానే. నా వల్లే అయితే నన్ను తీసుకుపొమ్మను. నిన్ను వదిలెయ్యమను."

'నువ్వు కాదు అత్తయ్యా.' ఆ మాటని ఎలా బయటికి తోయాలి? తూనీగ వేలుతో దుప్పటిని ఎత్తింది. బిగుసుకుపోయి ఉంది. మళ్లీ ఎత్తింది. పిక్క నొప్పెట్టింది. మళ్లీ.

టీ తాగడానికి పోయి తిరిగొచ్చిన భర్త తలుపు దగ్గరే ఆగిపోయాడు.

అతను లిఫ్టు మెకానిక్. అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లని బయటికి తియ్యడం అతని పనిలో భాగం. కరెంటు పోతే లోపలివాళ్ల అరుపులు గోడల్లోంచి వినపడవని, తట్టమని చెప్పడం అతనికి అలవాటు. తట్టేవాడికీ, భయంతో తలుపు బాదేవాడికీ తేడా అతని చెవులకి తెలుసు. ఇప్పుడు కళ్లకి తెలిసింది.

"అమ్మా, ఆ దుప్పటి చూడు."

"ఏముందిరా?"

"ఆగి ఆగి లేస్తోంది. అదురైతే అలా ఆగదు." ఒక్క అంగలో వచ్చి దుప్పటి లాగేశాడు. "ఏయ్ తూనీగా! లోపల ఉన్నావా? ఉంటే ఒకసారి. అవునంటే ఒకటి, కాదంటే రెండు. మా లిఫ్టు లెక్క."

వేలు ఒకసారి లేచింది.

గదిలో మిషను తప్ప ఎవరూ ఊపిరి తియ్యలేదు.

"నొప్పిగా ఉందా?" రెండు. "భయంగా ఉందా?" ఒకటి. భర్త మంచానికి ఇంకా దగ్గరగా జరిగాడు. "నా వంట తినాల్సిన పని తప్పిందని సంతోషంగా ఉందా?"

ఒకటి.

"చూశావా అమ్మా, తనే! అచ్చం తనే!"

"వెధవ జోకులు ఆపి అడగాల్సింది అడగరా," అంది అత్తగారు. పంతులమ్మ గొంతు తిరిగొచ్చింది. వెంటనే మళ్లీ సన్నబడింది. "నా సీసా వల్లేనా అని అడుగు."

భర్త అడగలేకపోయాడు. అడగక్కర్లేకపోయింది. వేలు రెండుసార్లు లేచింది. ఆగి, నొక్కి చెబుతున్నట్టు మళ్లీ రెండుసార్లు.

అత్తగారు గోడకి చేరబడి అలాగే కింద కూర్చుండిపోయింది.

"మరి దేని వల్ల? ఏదో చెప్పాలని ఉంది కదూ?" ఒకటి. "ఎలా చెప్తుందమ్మా, వేలితో?"

"అక్షరాలు నేను చదువుతాను," అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "తనకి కావలసిన అక్షరం రాగానే వేలు ఎత్తమను. వినమ్మాయ్. అ, ఆ, ఇ, ఈ..."

ఆవిడ తరగతిలో చదివినట్టే రాగం తీసి చదువుతోంది. మిషను తాళం వేస్తోంది. తూనీగ అచ్చుల గుండా, హల్లుల గుండా, గుండె గంతులు లెక్కచెయ్యకుండా ఓపిక పట్టింది. ఈ భాషలో ఇన్ని అక్షరాలు పెట్టినవాళ్లని మొదటిసారి తిట్టుకుంది.

"అమ్మా, ఆ ఋ, ౠ లు ఎవరిక్కావాలి? దాటెయ్," అన్నాడు భర్త.

"నా చేతిలో చదివినవాళ్లెవరూ ఏదీ దాటెయ్యలేదు."

వేలు రెండుసార్లు కొట్టింది, విసుగ్గా.

"సరే సరే, దాటేస్తాను."

స దగ్గర వేలు లేచింది. గుణింతం మొదలైంది. సా, సి, సీ, సు, సూ. లేచింది. మళ్లీ మొదట్నుంచి. ద. ది.

"సూది!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"ఇక్కడ గుచ్చుతున్న సూదులా?" రెండు. "ఇక్కడికి రాకముందుదా?" ఒకటి. భర్త నుదురు కొట్టుకున్న చప్పుడు. "చెయ్యి కోసుకున్నప్పుడు వేయించాం. ఆ ధనుర్వాతం సూదా?"

ఒకటి. ఒకటి. ఒకటి.

"ఆ సూదే తేడా చేసిందా?" రెండు.

"మరి... పొద్దున డాక్టరమ్మ కూడా ధనుర్వాతం అని ఏదో చదివింది కదురా," అంది అత్తగారు. "అనవసరం అంది."

భర్త అప్పటికే వరండాలో పరుగెడుతున్నాడు.

డాక్టరమ్మ చిరాకుగా వచ్చింది. వేలిని చూసి చిరాకు మర్చిపోయింది. మంచం కొసన తగిలించి ఉన్న రిపోర్టుని టంగుమని లాగింది. "ఇంజెక్షన్ ఎప్పుడు చేయించారు?"

"మూడు వారాలైంది మేడం. నేనే తీసుకెళ్లా."

డాక్టరమ్మ ఆ లైనుని మళ్లీ చదివింది.

"మూడు వారాలకి ఈ అంకె ఇలా ఉండటానికి వీల్లేదు," అంది చివరికి, తనతో తనే. "ఇది ఈమె రక్తం కాదు."

వేలు రెండుసార్లు లేచింది.

"ఈమెదేనా? అదెలా... పాతదా?"

ఒకటి.

డాక్టరమ్మ సిస్టరు వైపు తిరిగింది. "సిస్టర్, విరుగుడు వస్తే పక్కన పెట్టండి, నేను చెప్పేదాకా ఎక్కించొద్దు. రక్తం కడిగే మిషను తెచ్చి సిద్ధంగా ఉంచండి. కానీ నాకు రుజువు కావాలి. నేను పొరబడి కడిగితే, ఇచ్చిన విరుగుడూ పోతుంది, ఈమె కూడా పోతుంది." ఫోను తీసింది. "మీ ల్యాబాయన్ని పిలుస్తున్నాను. ఇక్కడే, నా కళ్లముందే చెయ్యమంటాను."

ఆయన్నే? తూనీగ వేలు రెండుసార్లు కొట్టింది. ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ ఫోనుమీద ఉన్నాయి.

*

సబ్బు పెట్టెతో వచ్చాడు. మళ్లీ పంపు, మళ్లీ నురగ. ఈసారి ఇంకా చాలాసేపు.

"రిపోర్టు మీద అనుమానమా డాక్టరమ్మా?" గొంతు మామూలుగానే ఉంది. "మంచిదే. అనుమానం ఉంటే మళ్లీ చెయ్యాల్సిందే."

"ఎంతసేపు?"

"చిన్న పట్టీలతో చేస్తాను, తొందరగా అయిపోతుంది. ఒక పట్టీమీద ఈ జబ్బున్న వేరే రోగి రక్తం, పోల్చడానికి. రెండో పట్టీమీద ఈమె రక్తం. యాంటీబాడీ ఉంటే నీలం గీత వస్తుంది."

"ఈమె పట్టీమీద గీత వస్తే ఇప్పుడే కడగడం మొదలెడతాను. రాకపోతే రెండో డోసు ఎక్కిస్తాను. ఇక ఆ తర్వాత వెనక్కి తిరిగేది లేదు."

తూనీగ చేతిలోంచి కొత్త రక్తం తీశారు. తన ప్రాణం ఇప్పుడు బల్లమీద రెండు కాగితప్పట్టీల్లో ఉంది. చూడటానికి కళ్లు లేవు. ఉన్నవల్లా చెవులే.

ఆ పని ఆమె ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. ఒక్కో మెట్టుకీ ఒక్కో చప్పుడు, సబ్బు నేర్పినదే. రక్తంలో పైనీరు వేరుచెయ్యడానికి చిన్న మిషను గిర్రున తిరిగింది. పట్టీలమీద చుక్కలు పడ్డాయి. ప్లాస్టిక్ బుడ్డి నొక్కి నీళ్లతో కడిగాడు, పుస్ పుస్. ఇంతదాకా సరే. ఇప్పుడు అసలుది. అతుక్కున్న యాంటీబాడీని పట్టి చూపించే మందు. అది చిన్న గాజుసీసాలో, మంచుముక్కల మధ్య ఉంటుంది. అది పడకపోతే ఆ తర్వాత ఎంత రంగు పోసినా గీత రాదు.

మంచుముక్కలు కదిలాయి. మందు పీల్చే పిపెట్ గొట్టం కొస గాజుకి తగిలి టింగుమంది. ఒక పట్టీకి పడింది.

రెండోది?

పిపెట్ మళ్లీ మునిగింది. టింగుమనలేదు. బోలుగా, మొద్దుగా, టప్ అంది. ప్లాస్టిక్. కడిగే నీళ్ల బుడ్డి.

తన పట్టీమీద ఆయన వట్టి నీళ్లు వేస్తున్నాడు.

తూనీగ వేలు రెండుసార్లు లేచింది. మళ్లీ రెండు. మళ్లీ రెండు. గుండె పరుగందుకుంది. పైనున్న మానిటరు పిచ్చిగా కూసింది.

"ఏమైంది?" డాక్టరమ్మ ఇటు తిరిగింది.

"కాదంటోంది," అన్నాడు భర్త. "ఏం తూనీగా? ఏది కాదు? ఈ పరీక్షా?" ఒకటి. "ఇప్పుడు వేసిందా?" ఒకటి. అతను బల్ల దగ్గరికి వెళ్లాడు. గొంతులో నవ్వు లేదు. "బావగారూ, రెండో పట్టీమీద ఏం వేశారు?"

"మందే. బావా, ఆవిడ కళ్లు మూసి ఉన్నాయి. ఏం చూసి చెబుతుంది?"

"మా పనిలో లోపల ఇరుక్కున్నవాళ్లు చూసి చెప్పరు బావగారూ. విని చెప్తారు. ఏ తాడు తెగిందో బయటున్న నాకంటే వాళ్లకే ముందు తెలుస్తుంది."

మానిటరు కూత ఉన్నట్టుండి మారింది. పరుగెడుతున్న గుండె జారిపోవడం మొదలెట్టింది. ఒక్కో దెబ్బకీ మధ్య దూరం పెరుగుతోంది. తూనీగకి చప్పుళ్లన్నీ దూరంగా, నీళ్ల కిందినుంచి వస్తున్నట్టయ్యాయి. సిస్టరు పరుగు, సూదిమందు అడుగుతున్న డాక్టరమ్మ కేక, భర్త పిలుపు. మందు ఎక్కింది కాబోలు, కూతల మధ్య దూరం కాస్త తగ్గింది.

"ఇంకోసారి ఇలా అయితే నేను పట్టుకోలేను," డాక్టరమ్మ ఊపిరి ఎగబీలుస్తోంది. "విషమా, యాంటీబాడీయా? నాకు ఇప్పుడే తెలియాలి!"

అత్తగారి అడుగులు మెల్లగా బల్లదాకా వెళ్లాయి.

"బాబూ," అంది. "ఆ సీసా నేనే పెట్టాను. నా పిల్లని నేనే చంపుకున్నానని అనుకుంటూ కూర్చున్నాను. నీకు తెలిస్తే చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"వద్దు పెద్దమ్మగారూ, లేవండి. లేవండి." పిపెట్ బల్లమీద పడి దొర్లిన చప్పుడు. "లేవండి, చెప్తాను.

"మీ సీసాలో ఏమీ లేదు. అది తేలి రెండు రోజులైంది, నేనే చెప్పలేదు. డాక్టరమ్మా, పట్టీ చూడక్కర్లేదు. యాంటీబాడీయే. కడగడం మొదలెట్టండి, నేను చెబుతూనే ఉంటాను, మీరు మొదలెట్టండి.

"ఆ రోజు చెల్లెమ్మ ఎండలో పడి వచ్చింది. దాహం అంది. తాగడానికి నిమ్మరసం కలిపాను. చల్లగా లేదని మూతి ముడిచింది. నా బల్లమీద బకెట్లో ఐసు ఉంది, అప్పుడే నింపాననుకున్నాను. గుప్పెడు తీసి వేశాను. ల్యాబు ఐసు నోట్లో పెట్టొద్దని కొత్తవాళ్లకి మొదటిరోజు చెప్పేది నేను. నేనే వేశాను. అది పొద్దున నింపిన బకెట్టు. దాంట్లో నేను పెంచుతున్న సూక్ష్మజీవి ట్యూబులు ఉన్నాయి. మర్నాడు చూస్తే ఒకదాని మూత చిట్లి ఉంది. ఆ ఐసంతా పారబోసి, బకెట్టు కడిగి, చేతులు కడుక్కున్నాను. రెండు రోజులకి చెల్లెమ్మ విరేచనాలని సెలవు పెట్టింది. తగ్గిపోతుందిలే అనుకున్నాను. వెయ్యిమందిలో ఒక్కరికి గానీ నరాలదాకా రాదు. చెల్లెమ్మే ఎందుకవుతుందిలే అనుకున్నాను.

"మీరు పంపిన రక్తాన్ని నేను నిజంగానే పరీక్ష చేశాను. ఏమీ ఉండకూడదని దణ్ణాలు పెట్టుకుంటూ చేశాను. గీత ఎంత ముదురుగా వచ్చిందో తెలుసా? అంత నీలం నా సర్వీసులో చూడలేదు. ఆ గీత బయటికొస్తే ఎక్కడిదీ జీవి అంటారు. నా బల్లమీదిదే అని తేలుతుంది. సబ్బు ఐసు వేశాడట అంటారు. నేను సబ్బునండీ. నాకున్నది ఆ పేరొక్కటే. ఫ్రీజరు తీశాను. అరలో చెల్లెమ్మ ట్యూబు కనపడింది. ఇది కూడా తన రక్తమేగా, నేను రాసేది అబద్ధం కాదుగా అని నాకు నేను చెప్పుకున్నాను. ధనుర్వాతం సంగతి నాకు తట్టలేదు. ఇందాక వేలు కదలడం చూశాను. చూసి దుప్పటి కప్పాను. ఇప్పుడు తన పట్టీమీద నీళ్లే వేశాను. చెల్లెమ్మ సరిగ్గానే వింది. వినడం నేర్పింది నేనే.

"చెల్లెమ్మా, వింటున్నావు కదూ? నేనే. ఐసు వేసింది నేను, ట్యూబు మార్చింది నేను. వాళ్లు రక్తం కడుగుతున్నారు. నువ్వు లేచాక, ఇదే మాట అందరి ముందూ నన్ను మళ్లీ అడుగు. మళ్లీ చెప్తాను."